పరాసు అద్దం వీపు

నిన్న పొద్దున హైదరాబాదు నుంచి పాత సామాన్ల వ్యాపారి ఒకాయన నా దుకాణానికి ఒక గోడ అద్దం తెచ్చాడు. గోనెపట్టా విప్పగానే పాత కర్ర వాసన, తడిసి ఆరిన సున్నం వాసన గుప్పుమన్నాయి. నన్ను అడక్కుండానే నా చెయ్యి ముందుకు పోయింది. చూపుడువేలి గోరు అద్దానికి ఆనించి, బయటి గోరుకూ అద్దంలోని గోరుకూ నడుమ ఎంత సందుందో చూశాను, గాజు మందం అలా తెలుస్తుంది. తర్వాత అద్దాన్ని కొంచెం పక్కకు వంచాను. చట్రం కింది మూలలోంచి తెల్లటి పూస ఒకటి జారి బల్లమీద పడింది. జొన్నగింజంత ఉంటుంది. పడి రెండయింది, దొర్లి మళ్ళీ ఒకటయింది. దాన్ని చూడగానే, నలభై ఏళ్ళు దాటిపోయినా, లేచి వెళ్ళి దుకాణం తలుపులు బార్లా తెరిచాను.

వ్యాపారి వెంట ముప్పై ఏళ్ళ పనివాడు వచ్చాడు. చురుకైన మనిషి. మేము మాట్లాడుకుంటూ ఉండగానే అద్దాన్ని బోర్లా పరిచి, బ్లేడు తీసి దాని వీపు గోకడానికి వంగాడు. నేను ఒక్క అంగలో వెళ్ళి అతని మణికట్టు పట్టుకున్నాను. ఈ వయసులో నాకంత బలం ఎక్కడిదో నాకే తెలియదు. "వద్దు నాయనా, ముట్టుకోకు" అన్నాను. అతను బిత్తరపోయి నా ముఖంలోకి చూసి, "ఎందుకమ్మా?" అన్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పి తీరాలని నాకు నేర్పింది జైనబీ ఆపా. నేర్పిన తీరు మాత్రం పగవాళ్ళకు కూడా వద్దు.

భద్రాచలంలో గుడికి పోయే దారిలో ఆమెకు పటాల దుకాణం ఉండేది. దేవుడి పటాలకు చట్రాలు కట్టడం, గాజు కోయడం, నల్లబడిన అద్దాలకు మళ్ళీ వెండిపూత వేయడం ఆమె పని. దర్శనం చేసుకుని మెట్లు దిగి వచ్చిన యాత్రికులు పట్టాభిషేకం పటం ఆమె చేతి మీదుగానే కొనుక్కుని పోయేవారు. ఎవరైనా బేరం మొదలుపెడితే, "సామిని బేరమాడకుండ్రి, పాపం తగుల్తది. చట్రాన్ని ఆడుండ్రి" అనేది. అన్నాక చట్రం దగ్గర కూడా తగ్గేది కాదు. యాభై అయిదు దాటిన మనిషి, పొడుగరి, మొగుడు పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. ఊళ్ళో ఆమె నోటికి జడవనివాళ్ళు లేరు.

మాది వైరా దగ్గర పల్లె. పెళ్ళయి భద్రాచలం వచ్చాను. నా పెనిమిటి వీరయ్య కలప డిపోలో దుంగలు కొలిచి, సుత్తితో ముద్ర కొట్టే పనిలో ఉండేవాడు. మా పద్మకు ఏడాది నిండాక, నేను కూడా ఏదో ఒక పని చూసుకుందామని ఆపా దుకాణం మెట్లెక్కాను. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు.

"ఏం పనొచ్చు?" అని అడిగింది ఆపా.

"ఏం రాదు."

"మంచిదే. అన్నీ వచ్చినట్టు చేసేటోళ్ళతోటి పాణం ఇసిగింది. చేతులు సూపియ్యి."

నా అరచేతిని తన బొటనవేలితో గట్టిగా రుద్ది చూసింది. చెమట చేతులు అద్దం పనికి పనికిరావు, ఎక్కడ ముట్టుకుంటే అక్కడ మచ్చ పడుతుంది. "పొడి చెయ్యే. రేపు రా. పిల్లను ఎంబడి తెచ్చుకో, కొట్ల ఆడుకుంటది" అన్నది. ఒక ఉద్యోగానికి అంత చిన్న పరీక్ష నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

రెండేళ్ళలో ఆమె నాకు పనంతా నేర్పింది. పాత అద్దం వీపున ఉన్న ఎర్రరంగునూ దాని కింది వెండినీ గోకి తీసెయ్యాలి. గాజును సుద్దపొడితో తోమి, నీటి చుక్క ఎక్కడా నిలవకుండా జారిపోయేదాకా కడగాలి. తర్వాత వెండి కరిగించిన మందు పోస్తే మన కళ్ళముందే గాజు మబ్బేసి, నల్లబడి, ఒక్కసారిగా తెల్లగా తేలుతుంది. మొదటిసారి ఆ గాజులో నా ముఖం తేలినప్పుడు నేను గట్టిగా అరిచాను. "దయ్యం కాదు, నువ్వే. జర అటిటుగ అట్లనే ఉన్నవ్ గని" అన్నది ఆపా.

ఆ దుకాణంలో ఒక ఆచారం ఉండేది. గోకింది గోకినవాళ్ళదే. అద్దం వీపున గోకిన పొడి, గిన్నెల అడుగున మిగిలిన మడ్డి ఎవరు గోకితే వారు ఇంటికి తీసుకుపోవచ్చు. కరిగిస్తే అందులోంచి కాస్త వెండి వస్తుంది. ఆపా వెండిపూత పని మొదలుపెట్టినప్పటి నుంచి అది పనివాళ్ళ హక్కు. నేను తెచ్చిన పొడిని వీరయ్య తనే కరిగించేవాడు. మా పక్కింటి కంసాలి ఇచ్చిన, వెండి కరిగించే పాత మూస ఒకటి మా పొయ్యి పక్కన ఉండేది. అందులో పొడి వేసి, బొగ్గులు రాజేసి, గొట్టంతో ఊదుతూ గంటలకొద్దీ కూర్చునేవాడు. ఏడాది గోకుడంతా కలిపితే నాకు ఒక జత మెట్టెలు అయ్యాయి. ఆ తర్వాత అతనికి పద్మ కాళ్ళకు పట్టీలు చేయించాలని పట్టుకుంది. "ఈ లెక్కన పోతే పద్మ కాదు, పద్మ బిడ్డ తొడుక్కుంటది" అని నేను ఎగతాళి చేసేదాన్ని.

ఆచారంతో పాటు ఆపా ఒక నిషేధం కూడా పెట్టింది. "వీపు ఎర్రగుంటే గోకు. బూడిదరంగుంటే ముట్టుకోకు" అనేది. బూడిదరంగు వీపున్న అద్దం ఆ రెండేళ్ళలో మా దుకాణానికి ఒక్కటి కూడా రాలేదు కాబట్టి నేను ఆ మాట విన్నానే తప్ప పట్టించుకోలేదు.

మూడో ఏడు వానలు మొదలయ్యే రోజుల్లో దుమ్ముగూడెం దగ్గర ఒక పాత బంగళా నుంచి కబురొచ్చింది. కోస్తా నుంచి వచ్చి పొలాలు కొన్న కోటేశ్వర్రావు గారనే రైతు, ఒక దొరగారి వారసుల దగ్గర ఆ బంగళా కొనుక్కున్నాడు. హాల్లో పాత అద్దం ఒకటుందనీ, బాగుచెయ్యాలనీ పిలిపించాడు. ఆపా నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కింది.

అంత అద్దాన్ని నేను అదే చూడటం. రెండు కిటికీల నడుమ గోడమీద నా తల పైనుంచి మోకాళ్ళ దాకా ఉంది. చట్రం నిండా చెక్కడం. పైన రెండు పావురాలు, వాటి చుట్టూ రిబ్బను, గులాబీలు, ఒక అంబులపొది. బంగారు రేకు అరిగిన చోటల్లా దాని కింది ఎర్రమట్టి కనపడుతోంది. అద్దం ఒకే పలక కాదు, రెండు పలకలు. ఆ రెండూ కలిసే చోట నిలబడ్డ మనిషి మెడ దగ్గర అడ్డంగా ఒక గీత. ముందటేడు గోదావరి పొంగి ఇంట్లోకి నీళ్ళు వచ్చాయట, చెమ్మ తగిలి కింది పలకంతా నల్లగా పొరలు లేచింది.

"బెల్జియం అద్దమమ్మా, ఆ రోజుల్లోది" అన్నాడు కోటేశ్వర్రావు గారు గొప్పగా. మనవైపు మందంగా, పాతగా ఉన్న ప్రతి అద్దమూ బెల్జియందే.

"కాదు బాబూ, పరాసోళ్ళది" అన్నది ఆపా. ఫ్రెంచివాళ్ళను పాతకాలం వాళ్ళు అలాగే అనేవారు. కిటికీలు మూయించి, ఒక కొవ్వొత్తి వెలిగించి అద్దం ముందు పట్టింది. లోపలి మంట పసుప్పచ్చగా లేదు, నీలం కలిసిన బూడిదరంగులో ఉంది. "సూడు యశోదా. ఎనక వెండి ఉంటే మంట ఎచ్చగ కనబడ్తది. ఇది సల్లగున్నది. గా కాలంల పెద్ద పలక పోసుడు వాళ్ళకు కష్టం, గందుకే రెండు ముక్కలు. కిటికీల నడిమిట్ల పెట్టి, దీని ముందల దీపాలు పెడితే ఇల్లంత ఎలుగు రెండింతలైతదని వాళ్ళ సోకు."

"మీకెలా తెలుసమ్మా ఇదంతా?" అన్నాడాయన.

"మా మామ దీని ఎంబడే వచ్చిండు." ఆపా గొంతులో గర్వం వినపడింది. ఆమె మామ యానాంలో పరాసుల ఇళ్ళలో అద్దాలకు పూత వేసే పనివాడట. అక్కడ ఒక వర్తకుడి ఇల్లు ఖాళీ చేసినప్పుడు ఈ అద్దాన్ని దుమ్ముగూడెం దొర కొన్నాడు. ఊకలో పొదిగి, పడవలో గోదావరి మీద కొండల నడుమ నుంచి ఎదురు నీటికి లాక్కొచ్చారు. దాన్ని గోడకెక్కించడానికి వెంట వచ్చిన కుర్రవాడు మళ్ళీ యానాం పోలేదు, భద్రాచలంలో దుకాణం పెట్టుకున్నాడు.

కోటేశ్వర్రావు గారికి ఆ చరిత్ర అంతగా పట్టలేదు. శ్రావణంలో కూతురి పెళ్ళి. "అమ్మాయిని పెళ్ళికూతుర్ని చేసేది ఈ హాల్లోనే. కింద చూస్తే నల్లగా ఉంది. అద్దం ముందు కూచోబెడితే సగం మనిషే కనపడుద్ది. కింది పలకన్నా కొత్తగా చెయ్యండి" అన్నాడు.

ఆపా అద్దం పక్కన చెంప ఆనించి వీపు వైపు తొంగిచూసింది. వెంటనే వెనక్కి జరిగింది. "చట్రం తుడిచి ఇస్త. పలక ముట్ట. వేరే తావుల కూసోబెట్టుకోండ్రి బిడ్డను."

"అదేంటమ్మా, ఎందుకు చెయ్యరు?"

"చెయ్యనంటే చెయ్య."

తిరుగు బస్సులో నేనూ అదే అడిగాను. ఆపా కిటికీలోంచి బయటికే చూస్తోంది. "వీపు బూడిదరంగున్నది, సూడలేదా?" అన్నది. ఉంటే ఏమవుతుందని అడిగాను. నోరు తెరిచింది, మళ్ళీ మూసింది. చివరికి "ముట్టుకోవద్దన్న గదా, అంతే" అని కసిరింది. ఆ నోరు తెరిచి మూసిన క్షణాన్ని నేను తర్వాత ఎన్నివేల సార్లు తలుచుకున్నానో లెక్కలేదు.

పదిహేను రోజులకు ఖమ్మంలో ఆమె అక్కకు జబ్బు చేసిందని ఆపా వెళ్ళింది. ఆమె అటు వెళ్ళగానే కోటేశ్వర్రావు గారి ట్రాక్టరు దుకాణం ముందు ఆగింది. గడ్డి పరిచి, అద్దాన్ని పరుపుల నడుమ తెచ్చారు. ఆపా లేదంటే, "నీకూ వచ్చటగా పని. నువ్వే చెయ్యమ్మా" అన్నాడాయన. అంతవరకూ ఆ మాట నాతో ఎవరూ అనలేదు. నా తప్పును ఇంకొకరి మీదికి నెట్టడం నాకిష్టం లేదు. ఆపా వచ్చేసరికి అద్దం తళతళలాడుతూ నిలబడి ఉండాలి, ఆమె నోట మాట రాకూడదు, నా బుద్ధి అది. పలక తిప్పి చూశాను. వీపు బూడిదరంగే. చూసి కూడా బ్లేడు తీశాను.

ఎర్ర వీపులు గోకడం కష్టం, చెయ్యి నొప్పెడుతుంది. ఇది తడిసిన బూడిదలాగా మెత్తగా ఊడి వచ్చింది. మధ్యమధ్య తెల్లటి పూసలు జారాయి. పద్మ ఒకదాన్ని వేలితో పొడిచి, అది పారిపోతుంటే కేరింతలు కొట్టింది. దుకాణం వీధికి తెరిచి ఉండటం, మంట దగ్గర లేకపోవడం మా ఇద్దరి అదృష్టం అని చాలా ఆలస్యంగా తెలిసింది. గోకిందంతా ఒక డాల్డా డబ్బాకు ఎత్తాను. ఎత్తబోతే చెయ్యి కిందికి లాగింది, అంత బరువు. ఆచారం ప్రకారం అది నాది. సాయంత్రం ఇంటికి తీసుకుపోయాను.

వీరయ్య డబ్బా చేతిలోకి తీసుకుని తూచి చూశాడు. అతని ముఖం ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. "ఓర్నీ, గింత బరువా! ఏందే, వెండి గనికి పోయొచ్చినవా? ఒక్క డబ్బాలనే పట్టీలైతయ్. మువ్వలు సుత ఎయ్యొచ్చు." ఆదివారం సెలవు రోజు కరిగిస్తానన్నాడు.

నేను మూడు రోజులు కష్టపడి కింది పలకకు వెండిపూత వేసి, చట్రంలో బిగించి నిలబెట్టాను. పైన పాత పలకలో నా ముఖం నీళ్ళ అడుగున ఉన్నట్టు మెత్తగా, బూడిదరంగులో ఉంది. కింద నా చేతులు, నా చీర కొత్త గిన్నెలా కళ్ళు చెదిరే తెలుపులో ఉన్నాయి. అది అతకలేదని నాకూ తెలుసు. అయినా నేను చేశాను కదా అని చూసుకుంటూ నిలబడ్డాను.

ఆదివారం మధ్యాహ్నం జోరువానలో ఆపా ఖమ్మం బస్సు దిగి నేరుగా దుకాణానికే వచ్చింది. గొడుగు మూస్తూ అద్దాన్ని చూసింది. తిడుతుందనుకున్నాను, లేదా మెచ్చుకుంటుందనుకున్నాను. రెండూ చెయ్యలేదు. ఆమె పెదాలు తెల్లబడ్డాయి.

"గోకింది ఏడున్నది?"

"ఇంట్ల ఉన్నదాపా. ఈ రోజు ఆయన కరిగిస్తానని..."

గొడుగు పారేసి ఆమె వానలోకి పరుగెత్తింది. ఆ వయసులో ఆ పొడుగాటి మనిషి చెప్పులు కూడా లేకుండా బజారు నడుమ పరుగెత్తుతుంటే జనం నిలబడి చూశారు. పద్మను చంకనేసుకుని వెనక నేను. ఏమయిందో తెలియకుండానే నాకు ఏడుపొచ్చేసింది. కలప డిపో వెనక సందులో మా ఇల్లు. వానజల్లు కొట్టకుండా కిటికీకి గోనెపట్టా కట్టి ఉంది, తలుపు మూసి ఉంది. ఆపా రెండు చేతులతో తలుపు బాదింది. "తలుపు తీయ్ వీరయ్యా! అగ్గి ఆర్పు! బయటికి రా, జల్దీ రా!"

వీరయ్య తలుపు తీసి, దగ్గుతూ, నవ్వుతూ బయటికి వచ్చాడు. "ఏందాపా, పోలీసోళ్ళ లెక్క? ఏమీ కాలే, జర పొగ పట్టింది." తర్వాత నావైపు తిరిగి చిన్నబుచ్చుకుని అన్నాడు, "ఏం వెండే ఇది? గంత బరువున్నది, పొద్దుగాల సంది ఊదితే అంత ఎటు పోయిందో. మూసల సిటికెడు బూడిదె మిగిలింది."

వానకు తడుస్తాయని అతను పొద్దుననే మా కోళ్ళను తెచ్చి ఇంట్లో గంప కింద మూసి పెట్టాడు. ఆపా మమ్మల్ని వాకిట్లోనే ఆపి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి పోయి, గోనెపట్టా పీకేసి, గంప ఎత్తింది. నాలుగు కోళ్ళు పక్కకు ఒరిగి పడి ఉన్నాయి. వాటిని చూసి ఆపా బయటికి వచ్చి, వాకిట్లో ఆ బురదలోనే కూలబడింది.

రాత్రికే వీరయ్యకు జ్వరం వచ్చింది. దవాఖానాలో చేర్చాం. ఊపిరి ఒక్కో రోజూ చిన్నదవుతూ వచ్చింది. ఆపా డాక్టరు గారికి అంతా చెప్పింది, ఆయన చెయ్యగలిగింది చేశాడు. మూడో రోజు వీరయ్య నా చెయ్యి పట్టుకుని, "పట్టీలు ఇంకోసారి చేయిద్దాంలే" అన్నాడు. నాలుగో రోజు పోయాడు. అతనికి ముప్పై ఏళ్ళు నిండలేదు.

దినాలు అయ్యేదాకా ఆపా రోజూ వచ్చి, అన్నం క్యారియరు గడప దగ్గర పెట్టి, మాట్లాడకుండా పోయేది. పదకొండో రోజు నేను గడప మీదికి వచ్చి నిలబడ్డాను. నా నోటికి వచ్చిందల్లా అన్నాను. "ముట్టుకోకు అన్నవు గని ఎందుకో చెప్పినవా? బస్సుల అడిగిన గదా నిన్ను! ఒక్క మాట చెప్పుంటే నా మొగుడు బతికేటోడు. నీ నోరు ఊరందరి మీద లేస్తది, గానాడు ఏమైంది నీ నోరు?"

ఆమె గడప బయట కూర్చుంది. నన్ను ఆపలేదు. నా మాటలు అయిపోయాక, నేల చూస్తూ చెప్పింది.

ఆమె మామా, ఆమె భర్త యూసుఫూ పాత పద్ధతిలోనే అద్దాలు చేసేవారు. రాతి బల్లమీద పల్చటి తగరం రేకు పరిచి, దానిమీద పాదరసం పోసి, పైన గాజు జరిపి, బరువులు పెట్టి రోజులకొద్దీ ఆరనివ్వాలి. దుమ్ము పడకూడదని తలుపులన్నీ మూసుకునేవారు. కొన్నేళ్ళకు యూసుఫ్‌కు చేతులు వణకడం మొదలయింది. చాయ్ సాసర్‌లో పోస్తే సగం ఒలికేది. నోట్లోంచి చొంగ కారేది, మాట తడబడేది, ఊరికే కోపం, ఊరికే ఏడుపు. మనుషులొస్తే సిగ్గుపడి గోడ వైపు తిరిగేవాడు.

"దొంగతనంగ సారా తాగుతున్నడనుకున్న" అన్నది ఆపా. "ఊరంత తాగుబోతన్నది. నేను సుత అన్న. లేదు జైనబూ, తాగలే, తాగలే అని ఖురాను మీద ఒట్టు పెట్టిండు. నమ్మలే. రెండేండ్లు అరుగు మీద పండబెట్టిన, లోపలికి రానియ్యలే. ఆ అరుగు మీదనే పోయిండు. పోయినంక ఒక డాక్టరు, మీ ఆయన ఏం పని చేసేటోడమ్మా అని అడిగిండు. చెప్పిన. గప్పుడు చెప్పిండాయన నాకు, గది సారా కాదు, పాదరసమని."

పక్కనున్న క్యారియరును గడప వైపు జరిపింది.

"బస్సుల నీకు చెబ్దామనే నోరు తెరిచిన. గది చెప్పాలంటే యూసుఫ్‌ది చెప్పాలె. యూసుఫ్‌ది చెప్పాలంటే అరుగుది చెప్పాలె. నోరు రాలే బిడ్డా. నా సిగ్గు దాసుకున్న, నీ మొగుణ్ణి సంపుకున్న."

నేను ఆమెను క్షమించానని చెప్పలేను. ఆ మాట నాకు పెద్దది. కానీ ఆమె నిజం చెప్పాక నా నిజం కూడా నాకు కనపడింది. ముట్టుకోకు అన్న మాట నేను విన్నాను. బూడిదరంగు చూశాను. చూసే గోకాను. డబ్బా నేనే మోసుకొచ్చాను. ఇంకెవరి దగ్గరికి పోయినా పాపం, చిన్నవయసు అని జాలిపడతారు. ఆమె ఒక్కతే జాలిపడదు, ఆమెకు తెలుసు. నెల తర్వాత పద్మను ఎత్తుకుని మళ్ళీ దుకాణం మెట్లెక్కాను. ఆపా పక్కకు జరిగి చోటిచ్చింది.

ఆ అద్దం తిరిగి బంగళాకు పోలేదు. చావు తగిలిన అద్దం పెళ్ళింటికి వద్దని కోటేశ్వర్రావు గారు కబురు పంపాడు. ఆపా దాన్ని దుకాణంలో ఎదురుగోడకు తగిలించింది. దాని వీపున నల్లరంగుతో, పైసగం ముట్టుకోవద్దు, పాదరసం ఉంది, కాలిస్తే పొగకే చస్తారు అని నాచేత రాయించింది. గోకింది గోకినవాళ్ళదే అన్న ఆచారం ఆ రోజుతో పోయింది. ఎర్ర వీపులు గోకిన పొడిని కూడా నేరుగా కంసాలికే పంపేది.

కొన్నేళ్ళకు సరుకు కోసం ఖమ్మం పోయినప్పుడల్లా నేను లైబ్రరీలో కూర్చోవడం మొదలుపెట్టాను. వచ్చీరాని ఇంగ్లీషుతో, తెలియని మాట అక్కడి ఆయన్ని అడుగుతూ, అద్దాల చరిత్ర చదివేదాన్ని. తిరిగి వచ్చి ఆపాకు చెప్పేదాన్ని. వెనకటికి ఇటలీ వైపు ఒక దీవిలో మాత్రమే మంచి అద్దాలు చేసేవారట. ఆ పనివాళ్ళు దీవి దాటిపోతే చంపేస్తామని అక్కడి దొరల కట్టడి. పరాసు రాజు మంత్రి వాళ్ళకు ఆశపెట్టి దొంగచాటుగా రప్పించుకున్నాడట. పని నేర్చుకున్నాక రాజు తన కోటలో ఒక పొడుగాటి హాలు కట్టించి గోడంతా అద్దాలే పెట్టించాడట. ఆ అద్దాలన్నిటి వెనకా తగరం, పాదరసమే. ఆ పని చేసినవాళ్ళకు చేతులు వణికేవని, పళ్ళు ఊడేవని, ఎక్కువకాలం బతికేవాళ్ళు కారని పుస్తకంలోనే ఉంది.

ఆపా చట్రానికి మేకు కొడుతూ విన్నది. "అన్ని అద్దాలుండె గద. మరి రాజుకు గా వణికే చేతులు కనబడలేదా?" అని అడిగింది.

తర్వాత జర్మనీలో ఒకాయన వెండిపూత కనిపెట్టాడని, దాంతో అక్కడ పాదరసం పద్ధతి పోయిందని చదివాను. అది ఆపా మామ పుట్టకముందు మాట. ఆ సంగతి ఆమెకు చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. చెప్పాను. సుత్తి పక్కన పెట్టి ఎదురుగోడ వైపు చూసింది.

"పడవల అద్దమొచ్చింది గని, కబురు రాలే" అన్నది.

ఆ తర్వాత ఆమె తీరు మారింది. ఎవరైనా పాత అద్దం తెచ్చి ఎందుకు వద్దు అంటే, కూర్చోబెట్టి మొత్తం చెప్పేది. యూసుఫ్ సంగతి, చొంగ సంగతి, అరుగు సంగతి. పటం కొనుక్కోవడానికి వచ్చిన యాత్రికులు కూడా చిక్కి వినాల్సి వచ్చేది. ముసల్దానికి మతి పోయిందని ఊళ్ళో నవ్వుకున్నారు. చెప్పిన ప్రతిసారీ ఆమె ముఖం మొదటిసారి చెప్పినప్పటిలాగే మాడిపోయేది. నేను ఒకసారి, "ఎందుకాపా, ఉత్తగ పాదరసమని చెప్తే సాలదా?" అన్నాను. "సాలదు. ఉత్తగ చెప్తే నీ లెక్కనే ఇని మర్సిపోతరు" అన్నది. వీరయ్య సంగతి మాత్రం ఎవరికీ చెప్పేది కాదు. "గది నాది కాదు. నీది నువ్వే చెప్పుకోవాలె" అనేది. నేను చెప్పేదాన్ని కాదు.

ఆపా పందొమ్మిదివందల తొంభైల నడుమ పోయింది. చివరి ఏడాది ఆమె చేతులూ వణికాయి. అది వయసు వల్లనో, ఆ మూసిన గదుల వల్లనో తెలియదు. నీళ్ళు తాగించబోతే గ్లాసు నా చేతిలోంచి తీసుకుని, సగం ఒలకబోసుకుని, "సూడు, నేను సుత తాగుబోతునే" అని నవ్వింది. నవ్వుతూ ఉండగానే ఏడ్చింది.

పద్మకు అప్పటికి పంతొమ్మిది. నాన్న వానలో తడిసి జ్వరంతో పోయాడని చెప్పి పెంచాను. ఆపాకు నలభయ్యోరోజు ఫాతిహా ప్రార్థన అయిన మర్నాడు దాన్ని ఆ అద్దం ముందు కూర్చోబెట్టి అంతా చెప్పాను. డబ్బా సంగతి దాటేద్దామనిపించింది. అయినా చెప్పాను. పద్మ అద్దం కింది సగంలో తన కాళ్ళవైపే చూస్తూ కూర్చుంది.

"పట్టీలు నాకోసమేనా?" అని అడిగింది.

"అవ్ బిడ్డా" అన్నాను.

ఇప్పుడు అది సత్తుపల్లిలో టీచరు. నాతో బాగానే ఉంటుంది. కాళ్ళకు పట్టీలు ఎప్పుడూ పెట్టుకోలేదు. ఎందుకని నేను అడగలేదు.

ఆపా నాకు అద్దాల పని నేర్పింది, ఆమె దుకాణంలోనే ఆ పనితోనే బతికాను. కానీ ఆమె దగ్గర్నుంచి నేను మోస్తున్నది అది కాదు. ఎవరినైనా వద్దు అంటే, ఎందుకు వద్దో చెప్పాలి. మన తప్పు బయటపడినా సరే చెప్పాలి. ఎన్నిసార్లు చెప్పినా అది సులువు కాదు. సులువైన రోజున చెప్పడం మానెయ్యాలేమో.

నిన్న ఆ పనివాడు బ్లేడు చేత్తో పట్టుకుని, ఎందుకమ్మా అని అడిగి, ఇంకా నా ముఖమే చూస్తున్నాడు. వ్యాపారి టైము చూసుకుంటున్నాడు. నేను బ్లేడు తీసుకుని పక్కన పెట్టాను. స్టూలు లాగి అతన్ని ఎదురుగోడ అద్దం ముందు కూర్చోబెట్టాను. పైసగంలో మా ఇద్దరి ముఖాలు, కిందిసగంలో నా చేతులు కనపడుతున్నాయి.

"నా పెనిమిటి పేరు వీరయ్య" అని మొదలుపెట్టాను. "డబ్బా ఇంటికి తీసుకుపోయింది నేనే."